మీకెందుకు లెండి

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిన్న మండవల్లిలో రక్తపరీక్షల శిబిరం దగ్గర ఆ వాసన రాగానే శారదాంబ టీచరుగారు గుర్తొచ్చారు. చేపల చెరువుల మీద పనిచేసే మా ఆడవాళ్లకి సాయంత్రాలు తన అరుగు మీద అక్షరాలు నేర్పించారావిడ. నాకప్పటికే మనవరాలుంది. “ఈ వయసులో నాకెందుకండీ?” అన్నాను. “గుండుగొలనులో దిగాల్సినదానివి బోర్డు చదవలేక తాడేపల్లిగూడెం దాకా పోయి ఏడ్చావు కదా మంగా, అందుకు!” అని నవ్వారు.

ఒకసారి మా చెరువుగట్టుకే హెచ్.ఐ.వి. పరీక్షలవాళ్లు వచ్చారు. మావాళ్లు బెదిరిపోతుంటే టీచరుగారే నచ్చజెప్పి వరసలో నిలబెట్టారు. ఆఖరున తన చెయ్యి కూడా చాపారు. పరీక్ష చేసే అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. “అయ్యో, మీకెందుకు లెండి మేడమ్! ఇది వీళ్లకండీ.” ఆవిడ మొహమాటపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మాకు అవమానమైన మాట ఆవిడకి మర్యాదైంది. ఆ మర్యాదే కొంప ముంచింది.

తర్వాత జ్వరాలు, విరేచనాలు, నోట్లో తెల్లటి పూత. ఒక డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, ఇంకొకాయన ఉపవాసాలు మానమన్నాడు. నేను విసిగిపోయి, “ఆ పరీక్ష కూడా రాయించండి బాబూ” అంటే కాంపౌండరు నాలుక్కరుచుకున్నాడు. “ఎవరనుకున్నావమ్మా ఆవిడ? పురోహితులింటి కోడలు!” రక్తానికి ఇంటిపేరుంటుందా? టీచరుగారి భర్త ఎప్పుడో చిక్కి శల్యమై చనిపోయారు. ఏం జబ్బని ఎవరూ అడగలేదు. అడగడమూ అమర్యాదే మరి.

చూపు మసకేశాక ఏలూరు తీసుకెళ్తే, అక్కడొక డాక్టరమ్మ మొహమాటం లేకుండా ఆ పరీక్ష చేయించింది. జబ్బు ఉందని తేలింది. “ముందే తెలిసుంటే కళ్లు దక్కేవండీ” అంది. మందులు మొదలుపెట్టాక జ్వరాలు పోయాయి, మనిషి కోలుకున్నారు. చూపు మాత్రం తిరిగి రాలేదు. నిరుడు గుండెజబ్బుతో పోయేదాకా రోజూ నేనే పేపరు చదివి వినిపించాను. “ఒత్తులు మింగకు మంగా” అనేవారు. ఒకనాడు పేపరు ఆపమని, “ఆ రోజు చెయ్యి అలాగే చాపి ఉంచాల్సింది” అన్నారు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నిన్న అదే పరీక్ష చేస్తున్న శిబిరం దగ్గరికి మా కిరాణాకొట్టు అమ్మగారు వచ్చారు. బల్ల దగ్గరి కుర్రాడు సవినయంగా నవ్వాడు. “మీకెందుకు లెండి అమ్మగారూ.”

“ఏం బాబూ, ఈవిడకి రక్తం లేదా?” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆవిడ నన్నూ, అతన్నీ మార్చి మార్చి చూసి, గాజులు పైకి జరుపుకుని చెయ్యి చాపారు. సూది తీసేదాకా నేను పక్కనుంచి కదల్లేదు.