సద్దుల బతుకమ్మ నాడు తాగని మందు

బచ్చలాకు తుంచుతూ అమ్మ ఉన్నట్టుండి లేచి వాకిట్లోకి పోయింది. వాంతి చప్పుడు విని వెళ్లేసరికి గచ్చు మీద రక్తం.

"పొద్దున తిన్న బీట్‌రూట్ బిడ్డా, భయపడకు" అంది.

మేం ఆ వారమంతా బీట్‌రూట్ వండనే లేదు.

బాపూ నేనూ ఆటోలో సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాం. రక్తం ఎక్కించి ఎండోస్కోపీ చేశారు. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళం పగిలిందని, రబ్బరు బ్యాండ్లు వేసి బిగించామని చెప్పారు. స్కాన్‌లో లివర్ సిరోసిస్ అని తేలింది.

"కల్లు అలవాటుందా?" అని డాక్టర్ అడిగితే అమ్మ మొహం గోడకు తిప్పుకుంది.

"దావత్‌లల్ల కూడ ముట్టది సార్" అన్నాడు బాపు.

పరీక్షలన్నీ వచ్చాక డాక్టరే చెప్పాడు. "షుగరు, ఫ్యాటీ లివరు కలిసి చేసిన పని ఇది. లివర్ గట్టిపడ్డది. దాంట్లకు పోవాల్సిన రక్తం పోలేక వెనక్కి ఒత్తుతది, నాళాలు ఉబ్బుతయి. పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటరు. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు."

ఆ తర్వాత కడుపులో నీరు చేరింది. ఉప్పు తగ్గించాం. మళ్లీ బ్యాండింగ్ చేయించాం. ఒకసారి అమ్మ పగలంతా మత్తుగా పడుకుని, లేచి నన్నే ఎవరని అడిగింది. డాక్టర్ ఆమె చేతులు ముందుకు చాపించి, అరచేతులు రెక్కల్లా అల్లాడటం నాకు చూపించాడు. లాక్టులోజ్ సిరప్ రాశాడు.

"రోజుకు రెండు మూడుసార్లు మెత్తగ మోషన్ కావాలె. లేకుంటే లివర్ వడకట్టని విషం మెదడుకెక్కుతది. మీ అంతట మీరు మందు ఆపకుర్రి."

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను. మోషన్ అయిందా అని అమ్మను అడగడానికి కూడా సిగ్గేసేది.

సద్దుల బతుకమ్మకు ముందురోజే చేర్యాలలో పెద్దమ్మ ఇంటికి పోయాం; అమ్మ మందు సంగతి పెద్దమ్మకు అప్పజెప్పాను. పాట ఎత్తుకునేది ఎప్పుడూ అమ్మే. పండుగ సాయంత్రం ఒకే చరణం మళ్లీ మళ్లీ పాడింది. అందరి చప్పట్లు ఒక తీరు, ఆమెవి ఒక తీరు. కాసేపటికి చాచిన చేతులు అల్లాడటం మొదలైంది.

"శిగం వచ్చింది! గౌరమ్మ మీదికొచ్చింది, పసుపునీళ్లు తేండ్రి!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు దండాలు పెడుతున్నారు.

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మ సిరప్ తాగిందా?"

"నిన్నటి సంది తాగలేదే. ఆట ఆడాల్నా, బాత్రూం చుట్టు తిరగాల్నా అన్నది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అమ్మవారు కాదు! అమ్మకు దొడ్డికి అయితలేదు, ఆ విషం మెదడుకెక్కింది. దవాఖానకు తీస్కపోవాలె!"

"అమ్మవారి ముంగట గవేం మాటలే పిల్లా!" అంది ఒక ముసలమ్మ.

"గవే మాటలు అవ్వా. బండి పిలువుర్రి."

పెద్దమ్మ వెంటనే పక్కింటి కారు తెప్పించింది. సిద్దిపేట ఐసీయూలో ఎనిమా ఇచ్చారు, ముక్కు గొట్టం ద్వారా మందు ఎక్కించారు. "ఇంకింత ఆలస్యమైతే కోమాలకు పోయేది" అన్నాడు డ్యూటీ డాక్టర్. ఆయన మోషన్ గురించి ఏది అడిగినా తల దించుకోకుండా చెప్పాను. అమ్మ తెలివిలోకి వచ్చి మొదట అడిగింది, "బతుకమ్మను నీళ్లల్ల ఏసిన్రా?"

ఇప్పుడు అమ్మ మాత్రలు, సిరప్ మానకుండా వాడుతోంది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ పరీక్షలు జరుగుతున్నాయి. దాత దొరికేదాకా ఆమెను నిలబెట్టుకోవాలన్నదే నా పట్టుదల.

మీ ఇంట్లో ఎవరైనా ఈ సిరప్ వాడుతుంటే పెండ్లికనో ప్రయాణమనో ఆపనివ్వకండి. సీసా సంచిలో పెట్టుకోండి, వెళ్లిన చోట ముందు బాత్రూం ఎక్కడో చూసుకోండి. మాట తడబడినా, చేతులు అల్లాడినా వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. మోషన్ సంగతి రోజూ అడగండి. మొన్న హైదరాబాద్ బస్సులో కూడా అడిగాను.

"మెల్లగ అడుగే, కండక్టర్ ఇంటుండు" అంది అమ్మ.

"ఇననియ్యి. అయిందా, కాలేదా?"