గ్రహణం చూసిన ఫిల్ము

డాక్టరమ్మ పోయారని మొన్న ఉదయం దుర్గ్ నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఎవరి చేతా చేయించుకోకుండా పోవాలని ఆవిడ ఎప్పుడూ అనేవారు. అలాగే జరిగిందని కాస్త ఊరట. పక్కనే ఉండి విన్న మా అమ్మ మాత్రం, "మరి నా ఫిల్ము ఇంక ఎవులు చూస్తారు?" అంది.

ఆవిడ ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసే డాక్టరు. పుట్టింది మా వాళ్ళలాగే విజయనగరం వైపు, స్థిరపడింది మాత్రం ఈ హిందీ ఊళ్ళో. క్యాంప్ 1 బస్తీ నుంచి వచ్చిన ఇక్కడివాళ్ళతో హిందీ మాట్లాడేవారు, మా యాస చెవిన పడితే మాత్రం చదువంతా పక్కనపెట్టి మా యాసలోకే దిగిపోయేవారు.

కొన్నేళ్ళ కిందట అమ్మకు వెనక పన్ను నొప్పి పుడితే, సెక్టర్ 6లో మా ఇంటి దగ్గరి పళ్ళ డాక్టరు దవడ మొత్తానికీ ఎక్స్‌రే తీశాడు. కింది ముందు పళ్ళ వేళ్ళ దగ్గర ఎముకలో తెల్లగా గడ్డల్లా ఉన్నాయి, ముక్క తీసి పరీక్షకు పంపాల్సి రావచ్చు, ముందు స్కాన్ల డాక్టరమ్మకు చూపించండి అన్నాడు. అంతే, ఇంట్లో అందరం అదేనని ఖాయం చేసేసుకున్నాం. ఎందుకంటే మా అమ్మ అడ్డపొగ మనిషి. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. నిప్పు పెట్టుకున్న నోట్లో ఇంకేం వస్తుంది? పక్కింటి దీదీ క్యాన్సర్ పేరెత్తకుండా, గొంతు తగ్గించి "బడీ బీమారీ", పెద్ద జబ్బు, అంది. అమ్మ చుట్టల డబ్బా నా చేతికిచ్చేసి, జంతికల్ని టీలో నానబెట్టుకు తినడం మొదలుపెట్టింది. అమ్మ లేని ఇల్లు నేను అప్పుడే ఊహించేసుకుని వంటింట్లో ఏడ్చేదాన్ని.

డాక్టరమ్మ మొదట అడిగింది పాత ఎక్స్‌రే ఉందా అని. ఎవరొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న అదే. "కొత్త ఫిల్ము ఏముందో చెబుతుంది. అది నెమ్మదిదో దూకుడుదో పాతదే చెప్పాలి" అనేవారు.

పాతది ఉంది. ఎప్పుడో పై పళ్ళు పీకించినప్పుడు తీసిన పొడుగాటి ఫిల్ము. దాన్ని మేం దాచింది దవడ కోసం కాదు, గ్రహణం కోసం. గ్రహణం పట్టిన రోజున మా వీధివీధంతా మా అమ్మ దవడలోంచే సూర్యుణ్ణి చూసేది. సిగ్గుపడుతూ ఆ మాట చెబితే ఆవిడ నవ్వలేదు. దవడ సంగతి తర్వాత, ముందు కళ్ళు పోతాయి, ఇంకెప్పుడూ ఆ పని చేయొద్దని గట్టిగా చీవాట్లు పెట్టి, ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించారు. గదిలో లైటు పెట్టె ఉన్నా ఆవిడకు ఆ కిటికీయే ఇష్టం.

చాలాసేపు చూశారు. ఆ రోజే తీయించిన స్కాన్‌ను కంప్యూటర్లో తిప్పి తిప్పి చూశారు. మచ్చలు పాత చోటే ఉన్నాయి, ఇంచుమించు అంతే ఉన్నాయి. అప్పుడు నల్లగా ఉన్నవి మెల్లగా తెల్లబడ్డాయి. చుట్టూ సన్నటి నల్ల అంచు, బయటి ఎముక చెక్కుచెదరలేదు. ఆ ముందు పళ్ళు బతికే ఉన్నాయా, వాటికి చల్లదనం తెలుస్తోందా అని పళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి అడిగారు. పరీక్షించానని, అన్నిటికీ తెలుస్తోందని ఆయన చెప్పాకే నోరు విప్పారు.

"ఇది పెద్ద జబ్బు కాదప్పా" అన్నారు. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. "ఎముకే కొంచెం తీరు మార్చుకుంది. నీతోపాటే ఉంటాది, నిన్నేటీ చెయ్యదు. కెలికితేనే చీము పడతాది. ముక్క తియ్యక్కర్లేదు."

అమ్మ నమ్మలేదు. "మరి చుట్టో?"

"చుట్ట వల్ల వచ్చింది కాదిది. అలాగని మళ్ళీ ముట్టించావా, అసలుదే వస్తాది. దాన్ని ఏ పాత ఫిల్మూ ఆపలేదు."

బయటికొచ్చాక మెట్ల మీదే కూలబడి నవ్వుతూ ఏడ్చాను. చుట్టల డబ్బా అమ్మకు మళ్ళీ ఇవ్వలేదు, అమ్మా అడగలేదు. అందులో జంతికలు పోసుకుంది.

అప్పట్నుంచీ ఏటా వెళ్ళేవాళ్ళం. కొత్త ఎక్స్‌రే అవసరం లేని ఏడు కూడా అమ్మ ఆ పాత ఫిల్మునే పట్టుకెళ్ళేది. డాక్టరమ్మ అమ్మ దవడ తడిమి, ఫిల్మును కిటికీకి ఆనించి, అమ్మ ఇచ్చిన జంతిక కొరుకుతూ, "ఏటీ మారలేదప్పా" అనేవారు. ఆ ఒక్క మాటతో అమ్మకు ఏడాదంతా గడిచిపోయేది.

మొన్న సాయంత్రం అమ్మ ఆ ఫిల్ము తీసుకొచ్చి మా వంటింటి కిటికీకి ఆనించింది. ఆవిడలాగే కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది. అందులో ఏముందో అమ్మకేం తెలుసు.

"ఏటీ మారలేదు" అంది చివరికి.

డబ్బాలోంచి ఓ జంతిక తీసి కొరికింది. ఫిల్ము వెనక వెలుతురు తగ్గిపోతుంటే, అమ్మ నములుతున్న చప్పుడు వింటూ అలాగే నిల్చున్నాను.