చెర్విల్ పెంచింది మా అత్తమ్మ

కె.ఆర్.పురంలో మా ఇంటి మిద్దె మీద చెర్విల్ పెరుగుతుంది. కొత్తిమీర కంటే సన్నని ఆకు, నలిపితే సోంపు వాసన. చలిదేశాల మొక్క. చలికాలంలో అయితే బెంగళూరులో ఎవరైనా పెంచగలరేమో. పోయినేడు ఏప్రిల్‌లో కూడా కోసుకుని తిన్న ఇల్లు మా చుట్టుపక్కల మాదొక్కటే. గర్వంగానే రాస్తున్నాను. కానీ ఆ గర్వాన్ని ఇన్నాళ్లూ నా పేరు మీద అనుభవించాను. మిద్దెతోటలు పెంచే ఇరుగుపొరుగువాళ్లు నన్ను ‘చెర్విల్ సార్’ అంటారు. నిజానికి ఆ పేరు మా అత్తమ్మకు దక్కాల్సింది.

ఆమెది దొడ్డబళ్ళాపురం. మగ్గం పక్కన కూర్చుని తెగిన పట్టుపోగులు అతకడంలోనే సగం జీవితం గడిచింది. మామగారు పోయాక మా ఇంటికి వచ్చారు. మాలాంటి పాత కుటుంబాల్లో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. నేను అదే గదిలో ఉన్నా, నాకు చెప్పాల్సింది కూతురికి చెబుతారు.

బెళ్ళందూరులో మా ఆఫీసు దగ్గర ఒక హోటల్లో ఆమ్లెట్ మీద ఈ ఆకు తిని, మోజుపడి విత్తనాలు తెప్పించాను. ఆదివారం మిద్దె మీద వాటిని పాత పేపరు మీద పోసి చపాతీ కర్రతో నలపడం మొదలుపెట్టాను. ధనియాలు బద్దలు చేయకుండా ఎవరూ చల్లరు కదా, ఇదీ అంతే అనుకున్నాను. అత్తమ్మ పక్కనే బట్టలు ఆరేస్తూ నా భార్యతో గట్టిగా అన్నారు:

“అది ధనియం కాదు గదమ్మా, రెండు బద్దలయ్యేదానికి! సూది మాదిరి ఉండాది. నలిపితే సచ్చిపోతాదని ఆయప్పకు చెప్పు.”

“విన్నారా? రేడియోలో వార్తలొస్తా ఉండాయి,” అని నా భార్య నవ్వింది.

నేను వినలేదు, నలిపిన గింజలే చల్లాను. మూడు వారాలు చూశాను, ఒక్క మొలకా రాలేదు.

పొట్లం అడుగున మిగిలిన చిటికెడు గింజల్ని అత్తమ్మ తీసుకున్నారు. నీళ్ల ట్యాంకు నీడలో, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట కుండీ పెట్టారు. గింజల్ని మట్టి మీదే చల్లి, అరచేత్తో అదిమి వదిలేశారు. పైన మట్టి కప్పలేదు. పన్నెండో రోజుకు పచ్చటి వెంట్రుకల్లా మొలకలు లేచాయి. ఒత్తుగా ఉన్నచోట పక్క మొక్క కదలకుండా ఒక్కొక్కటే తీసేశారు. ఆ పని చేసే వేళ్లను చూస్తే, పట్టుపోగుల దగ్గర నేర్చినదంతా ఎక్కడికీ పోలేదని తెలిసేది.

మొదటి కోత నేను చారు తిరగమాతలో వేయించాను. వాసన అంతా ఆవిరైపోయింది. మర్నాడు అత్తమ్మ నానబెట్టిన పెసరపప్పు, కీరదోసకాయ, నిమ్మరసంతో కోసంబరి చేసి, తిరగమాత పెట్టకుండా, విస్తట్లో వడ్డించే ముందు ఆకు తుంచి కలిపారు. “ఇది సెగ ఓర్చని బిడ్డ” అని గోడతో అన్నారు. అంత మంచి కోసంబరి నేను ఎక్కడా తినలేదు.

ఈ ఫిబ్రవరిలో మిద్దెతోటల వాళ్లు పదిహేను మంది మా ఇంటికి వచ్చారు. ఆకు తిని, వాసన చూసి, ఎలా పెంచానని అడిగారు. గింజ నలపకూడదని, నీడ కావాలని, అత్తమ్మ చెప్పినవన్నీ నా మాటలుగా చెప్పాను. ఒకావిడ అడిగింది: “రోజూ మీరే చూసుకుంటారా సార్?”

“అంతా నేనే. మా అత్తమ్మ నీళ్లు పోస్తారంతే,” అన్నాను.

అత్తమ్మ కాఫీ పళ్లెంతో తలుపు దగ్గరే ఉన్నారు. పళ్లెం కూతురి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

అందరూ వెళ్లాక నా భార్య నిలదీసింది. “మాయమ్మ నీళ్లు మాత్రం పోస్తాదా? మీరు ఆ కుండీలో వేలు పెట్టిండేది ఎప్పుడు?”

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. “ఊరుకో తల్లీ. నలుగురిలో అల్లుడి మాట తీసేస్తామా?”

ఆమె ఎదురు చెప్పరని నాకు ముందే తెలుసు. తెలిసే అన్నాను. అదే నా తప్పు.

ఆ తర్వాత ఆమె విత్తనం చల్లలేదు. అడిగితే మోకాళ్ల నొప్పి అన్నారట. పాత మొక్కలు పూతకొచ్చి ముదిరిపోయాయి. నేనే చల్లాను. మొలకలు గుంపుగా వస్తే, పీకి వరసగా వేరే కుండీల్లో నాటాను. సాయంత్రానికి అన్నీ తలలు వాల్చేశాయి.

ఏప్రిల్‌లో వాళ్లే మళ్లీ వచ్చారు, ఎండల్లో చెర్విల్ చూడాలని. వాడిపోయిన కుండీలు చూసి, “ఏమైంది సార్?” అన్నారు. ఎండ దెబ్బ అంటే అందరూ నమ్మేవాళ్లు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. తలుపు వెనక అత్తమ్మ చీర అంచు కనిపించింది.

“పెంచింది నేను కాదండీ. మా అత్తమ్మ. పోయినసారి అబద్ధం చెప్పాను. ఆమె చెయ్యి పెట్టడం మానేశారు, మొక్కలు పోయాయి,” అన్నాను.

వాళ్లతో వచ్చిన ఎదురింటి పెద్దాయన నవ్వాడు. “ఏమప్పా, ఇన్నాళ్లూ అత్తగారి సొత్తు తింటా ఉంటివా?”

అందరూ నవ్వారు. నాకు చెవులు కాలాయి. ఒకావిడ వెళ్లి అత్తమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె తల వంచుకుని నిలబడ్డారు. ఎవరో నేను నాటిన మొక్కను పీకి వేరు చూడబోయారు.

“ఏయ్, పీకొద్దమ్మా!” అత్తమ్మ గొంతు మిద్దంతా వినిపించింది. “దానికి ఒకటే ఏరు ఉండాది, నిలువుగా దిగతాది. చోటు మారిస్తే బతకదు. ఏడ చల్లితే ఆడనే పెరగాల.”

“మరి ఏడాదంతా ఎట్ల వస్తాదమ్మా?”

“అమాసకు ఒక చిటికెడు, పున్నానికి ఒక చిటికెడు. ఒకటి ముదిరేలోగా ఇంకొకటి లేస్తాది. రెండు మొక్కలు విత్తనానికి వదలాల. కొన్న గింజ కంటే మనింటి గింజ బాగా మొలుస్తాది.”

అరగంట మాట్లాడారు. వాళ్లు ఫోన్లలో రాసుకున్నారు. నేను కుండీలు జరుపుతూ, ఆమె చూపించమన్నవి చూపిస్తూ నిలబడ్డాను. ఇంత తెలిసిన మనిషి నా ఇంట్లో ఉందన్న గర్వంతో పాటు, ఈ గొంతును రెండు నెలలు నొక్కేశానన్న బాధ కూడా ఉంది. తర్వాతి అమావాస్యకు ఆమె మళ్లీ చల్లారు.

ఇప్పుడు నా ఫోన్‌కు వచ్చే కాల్స్‌లో సగం ఆమెకే. నిన్న సాయంత్రం ఎవరో ఆకులు ఎర్రబడుతున్నాయని కంగారుగా ఫోన్ చేశారు. “అమ్మగారున్నారా?” అన్నారు. ఫోన్ తీసుకుని మిద్దెక్కాను. అత్తమ్మ చేతుల నిండా మట్టి. ఆమె చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

“ఎండకు పెట్టిండావేమో చూడప్పా,” అంటున్నారామె. “నీడకు జరుపు. నీళ్లు కుండీ అడుగుదాకా పొయ్యి. భయపడొద్దు, తేరుకుంటాది.”