వైకుంఠం దగ్గర బండి దిగినవాళ్ళు

1963 ఫిబ్రవరిలో, మార్కెట్ యార్డుకు మిరపకాయలు రావడం మొదలైన రోజుల్లో, గుంటూరు ఎగ్జిబిషన్‌లో ‘యమలోక యాత్ర’ షెడ్డుకు సీనరీ పని నాకు అప్పగించారు. ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ కంపెనీ అది. అందులో మేనేజరు తర్వాత ఫిట్టరు మేస్త్రి, ఆయన తర్వాత సీనరీ మేస్త్రి. ఆడమనిషిని మేస్త్రి అనడానికి వాళ్ళకు నోరు రాక ‘సీనరీ అమ్మగారు’ అనేవారు. పిలుపు ఏదైతేనేం, తెరలూ బొమ్మలూ రంగులూ నావే. ఎక్కినవాళ్ళు ఎక్కడ ఉలిక్కిపడాలి, ఎక్కడ నవ్వాలి అన్నది చూసుకోవడం కూడా నా పనే.

నేను బడికి వెళ్ళలేదు. మాది మంగళగిరిలో నేతపని చేసే ఇల్లు. మా నాన్న ఉత్సవాలకు తెరలు కట్టేవాడు, స్వామి వాహనాలకు రంగులు వేసేవాడు. అక్షరాలు, కొలతలు, రంగులు కలపడం అన్నీ మగ్గం పక్కనే కూర్చోబెట్టి నేర్పాడు. ఆయనకూ, ఆయనకు అంత ఓపిక ఇచ్చిన స్వామికీ ఈనాటికీ పొద్దున లేవగానే దణ్ణం పెట్టుకుంటాను.

మేము ‘చీకటి బండి’ అని పిలుచుకున్న ఆ ఆట మన దగ్గర పుట్టింది కాదు. పరదేశాల్లో మొదట చీకటి గుహల్లాంటివి కట్టి, కాలువ తీసి, పడవల్లో జనాన్ని తిప్పేవారట. తర్వాత నీళ్ళు పోయి పట్టాలు వచ్చాయి. మా మేనేజరు శేషయ్యగారు మద్రాసులో ఒకటి ఎక్కి చూసి వచ్చి, దాన్ని మాకు నేలమీద సుద్దముక్కతో గీసి చూపించారు. బయటినుంచి చూస్తే మామూలు రేకుల షెడ్డు. లోపల ఒకే పట్టా మెలికలు తిరుగుతూ పోతుంది. మెలికకూ మెలికకూ మధ్య నల్లతెర తప్ప ఇంకేమీ ఉండదు. ఎక్కినవాడు ఎంతో దూరం వెళ్ళిపోయాననుకుంటాడు. నిజానికి ఇందాక తను కేకపెట్టిన చోటు చెయ్యి చాపితే అందేంత దగ్గరలోనే ఉంటుంది. ఈ ఆటలో అసలు కిటుకు అదే. మొదటిసారి అర్థమైనప్పుడు నాకు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది.

ఒంటి తెర కడితే వెలుతురు ఆగదు. మా ఇంట్లో నేసిన ముతక గుడ్డకే నల్లరంగు అద్ది, మధ్య బెత్తెడు ఖాళీ వదిలి రెండు పొరలుగా కట్టాను. బొమ్మలను కదిలించే ఏర్పాటు ఫిట్టరు మేస్త్రి మస్తాన్‌గారిది. ఆయన అంతకుముందు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేశారు. బండి చక్రం పట్టా పక్కనున్న ఇనుప మీటను నొక్కుతుంది, మీటకు కట్టిన సైకిలు బ్రేకు తీగ బిగుస్తుంది, యమభటుడు లేచి నిలబడతాడు. నూనె కొప్పెర కింద ఎర్రబల్బు, చిన్న ఫ్యాను, గాలికి ఎగిరే పట్టుపేలికలు. అవే మంటలు. చిత్రగుప్తుడి గడ్డానికి దూది అతికిద్దామని ఎవరో అన్నారు. దూదిని బల్బు దగ్గరికి రానివ్వనని చెప్పి, గడ్డం రంగుతోనే వేశాను.

బండి కింద మోటారు, దానికి పట్టాలోంచి కరెంటు. ప్రాణం తీసేంత కాదు గానీ, వట్టికాలు తగిలితే ఒళ్ళు ఝల్లుమంటుంది. లోపల బండిని ఆపే మనిషి ఉండడు. ముందు బండి సగం దారి దాటగానే గేటు దగ్గర గంట మోగుతుంది. అప్పుడు రెండో బండి వదలాలి.

చివర్లో పుర్రెలు పెట్టమన్నారు శేషయ్యగారు. జనాన్ని నరకంలోనే వదిలేసి ఇళ్ళకు పంపడం నాకు మనస్కరించలేదు. చివరి మెలికలో వైకుంఠం పెడదామని అడిగితే, ఆయన సరేనన్నారు. శేషుడిమీద పవళించిన స్వామి, పాదాల దగ్గర అమ్మవారు, పైన నీలం బల్బు. నా పనిలో అంత శ్రద్ధగా వేసిన బొమ్మ అంతకుముందు లేదు.

తెరిచిన మొదటి సాయంత్రం కొన్ని బండ్లు జనంతో సహా తిరిగొచ్చాక, ఇంకో బండి కూడా చక్కగా బయటికి వచ్చింది. కానీ ఖాళీగా వచ్చింది.

మస్తాన్‌గారు టిక్కెట్లు తీసుకునే సాంబయ్యను కేకేశారు. “ఒరేయ్, మనుషులేరిరా?”

“ఎక్కించాగా, నలుగుర్ని!”

“ఎక్కించావు సరే, ఏమయ్యారు? యముడేమన్నా నిజంగా పట్టుకుపోయాడా?”

అంతలో లోపలినుంచి పెద్దగా అరుపులు వినిపించాయి. అక్కడ అరుపులు మామూలే కాబట్టి ఒక్క క్షణం ఎవరమూ కదల్లేదు. మస్తాన్‌గారికే ముందు తట్టింది. మెయిన్ స్విచ్చి లాగేశారు. టార్చిలైటు పట్టుకుని లోపలికి పరిగెత్తాం.

వైకుంఠం ముందు, సరిగ్గా బండి వచ్చే దారిలో, పట్టాల నడుమ, నలుగురూ నిలబడి ఉన్నారు. చెప్పులు విడిచి ఒక పక్కన వరసగా పెట్టారు. వాళ్ళలో పెద్దావిడ కొంగుముడి విప్పి కర్పూరం బిళ్ళ తీసి, అగ్గిపెట్టె ఇమ్మని భర్తను అడుగుతోంది. చుట్టూ నా నల్లగుడ్డ తెరలు, ఒక్క నిప్పురవ్వ చాలు. వెనక బండి వాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. అందులోవాళ్ళే అరిచినవాళ్ళు. పక్కకు తప్పుకోబోయి పెద్దావిడ భర్తకు మోకాలు గీరుకుంది. అంతటితో పోయింది, స్వామి చల్లగా చూశాడు.

పెద్దావిడ పేరు పుల్లమ్మ. వినుకొండ అవతలి పల్లె. యార్డుకు మిరపకాయల బస్తాలు తెచ్చి, కాటా దగ్గర తూకానికి వంతు రాక గుంటూరులోనే ఉండిపోయారట.

“లోపల దిగకూడదండీ” అన్నాను.

“దిగకపోతే ఎట్టా అమ్మాయ్? సామి ఎదురుగుండా ఉంటే మేం బండెక్కి కాళ్ళు చాపుకుని పోతామా? నువ్వు పోతావా?”

నేనూ పోను.

శేషయ్యగారు కేకలు వెయ్యలేదు, కానీ మాట గట్టిగానే చెప్పారు. “రేపు సాయంత్రం గేటు తెరిచేలోపు దేవుణ్ణి తీయించండమ్మగారూ. లేదంటే షెడ్డు పీకించి, మనిషిని పొట్టిగా పొడుగ్గా చూపించే అద్దాల గది పెట్టిస్తాను. లోపల మనిషికేమన్నా అయితే నాకు లైసెన్సు ఉండదు, మీకు పనీ ఉండదు.” అందులో తప్పేమీ లేదు. ఆడమనిషికి సీనరీ పని ఇచ్చే కంపెనీ ఆ చుట్టుపక్కల మరొకటి లేదని నాకు తెలుసు. అద్దాల గదికి సీనరీతో పనే లేదు.

మర్నాడు పొద్దున, కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి అడ్డంగా ఇనపకడ్డీ పెట్టి చూశాం. సాంబయ్య దాని కిందినుంచి జారి లేచి, “మా అత్తగారింటి పెళ్ళి పంక్తిలోంచి ఇంతకన్నా కష్టంగా లేచానండీ” అన్నాడు. ‘దిగరాదు’ అని బోర్డు రాద్దామంటే చీకట్లో ఎవరికి కనిపిస్తుంది? దేవుణ్ణి తీసి పుర్రె పెట్టడం ఎంతోసేపటి పని కాదు. దానికి నా చెయ్యి రాలేదు.

అప్పుడు పుల్లమ్మగారు వచ్చారు. ముందురోజు హడావిడిలో చెప్పులు లోపలే వదిలి వెళ్ళారట. నాకొక కుతూహలం పుట్టింది. ఆవిడను బండిలో కూర్చోబెట్టి, కరెంటు తీయించి, లైటు చేత పట్టుకుని, బండిని మస్తాన్‌గారి చేత మెల్లగా తోయించుకుంటూ పక్కనే నడిచాను. బొమ్మలను చూడలేదు, ఆవిడనే చూశాను. యమభటుల దగ్గర బండి అంచు గట్టిగా పట్టుకున్నారు. స్వామి దగ్గర చెయ్యి వదిలి లేవబోయారు. బతిమాలి కూర్చోబెట్టాను. తలుపు దాటి, బయట దిగడానికి వేసిన చెక్కలమీద దిగాక మాత్రం ఆవిడ కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న వట్టి రేకుగోడను చూస్తూ నిలబడిపోయారు.

“ఇంతేనా?” అన్నారు.

ముందురోజు కూడా దిగినవాళ్ళందరూ అక్కడ అలాగే కాసేపు నిలబడటం నాకు గుర్తొచ్చింది. బండి ఆగేది అక్కడ. జనం దిగేది అక్కడ. వెనక నుంచి ఏ బండీ మీదికి రానిదీ అక్కడే. చూడటానికి ఏమీ లేనిది కూడా అక్కడే.

“మస్తాన్‌గారూ, వైకుంఠాన్ని ఇక్కడికి మోయాలి” అన్నాను.

ఆయన రేకుగోడను, నన్ను మార్చి మార్చి చూసి, “దేవుణ్ణి బయటికి పంపమన్నది మేనేజరుగారేగా. మాట విన్నట్టే అవుద్ది” అని నవ్వి, స్పానరు అందుకున్నారు.

రేకులు విప్పి అక్కడొక చిన్న మండపం కట్టాం. కర్పూరానికి ఆరుబయట ఇసుక పోసిన పళ్ళెం పెట్టించాను. స్వామి ఉన్న పాత మెలికలో ఇంకో బొమ్మ వెయ్యడానికి వ్యవధి లేదు. నల్లతెర దించి వదిలేశాను. గంట ఒకటి మాత్రం మండపంలో కట్టించాను, దాని చప్పుడు లోపలి చీకట్లోకి వినిపించేలా.

సాయంత్రం శేషయ్యగారు దిగే చోట చేతులు కట్టుకుని నిలబడ్డారు. పుల్లమ్మగారి కుటుంబాన్నే మొదటి బండిలో ఎక్కించాం. లోపల కేకలు, తర్వాత నిశ్శబ్దం. నేను స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను. తలుపు తోసుకుని బండి వచ్చింది. నలుగురూ కూర్చునే ఉన్నారు. ఆగాక దిగారు, చెప్పులు విడిచారు, చెక్కలమీద నిలబడి తీరికగా దణ్ణం పెట్టుకున్నారు. శేషయ్యగారి చేతులు కూడా వాటంతట అవే జోడయ్యాయి. అద్దాల గది మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

పుల్లమ్మగారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. “అది సరేగానీ అమ్మాయ్, సామికి ముందర ఆ చీకట్లో ఏం పెట్టావు? నాకు గుండె దడదడలాడింది.”

“అక్కడేమీ లేదండీ.”

“చాల్లే, చెప్పకూడదేమో గానీ” అని ఆవిడ మళ్ళీ ఎక్కడానికి వెళ్ళిపోయారు. ఆ వారమంతా జనం ఎక్కువగా అడిగింది ఆ ఖాళీ మెలిక గురించే. ఒక్కొక్కరూ అందులో ఒక్కొక్కటి చూశామన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే పని చేశాను. ఒంగోలులో అయినా తెనాలిలో అయినా షెడ్డు వేసేటప్పుడు సుద్దముక్కతో మొదట దిగే చోటే గీసేదాన్ని. అక్కడ మనుషులు ఏం చేస్తారో తేల్చుకున్నాక, అక్కడినుంచి ఎక్కే చోటికి వెనక్కి దారి గీసుకుంటూ వచ్చేదాన్ని. ఒక మెలికలో మాత్రం ఏమీ గీసేదాన్ని కాదు.