మా బావ, మూసిన బావి

మా బావను వీధిలో అందరూ బొంగరం అంటారు. ఎవరైనా నా దర్జీ దుకాణానికి వచ్చి ఆయన అసలు పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగితే నాకే ఒక్క క్షణం వెలగదు. కూర్చుంటే కాలు ఆడిస్తాడు, లేస్తే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఆయన నా దుకాణంలో కాసేపున్నాడంటే బల్ల మీది కత్తెర, టేపు, సుద్దముక్క ఎక్కడెక్కడ ఉన్నాయో తరవాత నేను వెతుక్కోవాల్సిందే. పెళ్ళయిన కొత్తలో మా అక్క ఆయన్ని మార్చాలని చూసింది. కుదరక, ఆయన మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం నేర్చుకుంది. "ఎండ కాస్తుందని మీ బావ చెప్పాడంటే ఆరేసిన బట్టలు తీసెయ్యాలిరా" అనేది.

అలాంటి మనిషికి దొరికిన పని ఏమిటయ్యా అంటే, కదలకుండా కూర్చుని నీళ్ళు తేటపడేదాకా చూడటం.

మా వీధి చివర బోల్టులు, నట్లు చేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. ఇనుప ముక్కలకు అంటిన గ్రీజు వదిలించడానికి వాటిని ఘాటైన మందులో ముంచి తీసేవారు. వాడేసిన మందును ఏళ్ళ తరబడి షెడ్డు వెనక గుంటలో పోశారు. అది మట్టిలోకి ఇంకి, కింద నీళ్ళలో కలిసి, మెల్లగా మా ఇళ్ళవైపు నడిచింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక గానీ సంగతి బయటపడలేదు. మా వీధిలో బావులన్నిటికీ ఇనుప మూతలు వేసి బోల్టులు బిగించారు. ఆ బోల్టులు కూడా ఆ ఫ్యాక్టరీవేనని మా బావ జోకు. మొదటిసారి నవ్వాం.

తరవాత శుభ్రం చేసేవాళ్ళు దిగారు. గుంట చుట్టూ మట్టి తవ్వి పట్టుకుపోయారు. నేలలోకి గొట్టాలు దించి, నీళ్ళు తోడి, బొగ్గు నింపిన పెద్ద పీపాల గుండా పంపించారు. మా బావ ఆ గొట్టాల దగ్గర పరీక్షకు సీసాలు నింపేవాడు. పంపు సన్నగా తిప్పి, గొట్టంలో నిలవున్న పాత నీళ్ళు పోయి అసలు నీళ్ళు వచ్చేదాకా ఆగాలి. సీసాను అంచుదాకా నింపి, మూత పెట్టి, తలకిందులు చేసి చూడాలి. లోపల ఒక్క బుడగ ఉన్నా మందు అందులోకి ఎగిరిపోయి లెక్క తగ్గుతుందట. పంపు చుట్టూ ప్రదక్షిణలు చేస్తూనే ఆయన ఆ పని చేసేవాడు. అక్కడ మాత్రం తొందరపడేవాడు కాదు. ఆ తొందరంతా ఇంటికి తెచ్చుకునేవాడు.

మా అక్క పెరట్లో మొక్కలు పెంచి అమ్ముతుంది. గులాబీలు, మిరపనారు, టమాటానారు. బావి మూసినప్పటి నుంచి ట్యాంకరు నీళ్ళే దిక్కు. అది వచ్చినప్పుడు వచ్చినట్టు. నారు తలలు వాల్చేస్తే అక్క మొహం కూడా అలాగే అయ్యేది. మళ్ళీ ఎండాకాలం రాకముందే బావి తెరవకపోతే మొక్కల పని ఎత్తేసి ఏదో ఒక ఇంట్లో వంటకు కుదురుకుంటానంది. చేతిలో మట్టి లేకుండా మా అక్కను నేనెన్నడూ చూడలేదు. ఆ మాట వినలేకపోయాను.

అలా ఉండగా, నీళ్ళు చాన్నాళ్ళుగా బాగుంటున్నాయి, పంపులు ఆపి బావులు పరీక్షిస్తాం, బాగున్నవి తెరుస్తాం అని అక్కడి ఇంజనీరమ్మ చెప్పింది. మా బావ నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె మాట పూర్తయ్యేలోగా వీధంతా తెలిసింది. అంతటితో ఆగాడా? మోటారు తెచ్చాడు. పరీక్షకు ముందురోజు మూత విప్పి, ప్లాస్టిక్ పైపులు ఒకదానికొకటి జిగురుతో అతికించి బావిలోకి దించేశాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని! పరీక్ష అవనీవయ్యా" అంది అక్క.

"రేపు అవుననగానే స్విచ్చి నొక్కడమే" అన్నాడు.

మర్నాడు ఇంజనీరమ్మ వచ్చి, మూత తీయించి, ఘాటు పసిగట్టే చేతి యంత్రాన్ని బావిలోకి చాపింది. అది కీచుమని అరిచింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బావ మాత్రం బావిలోకి వంగి, ముక్కు ఎగబీల్చి, ఒక్క గెంతు గెంతాడు.

"జిగురు మేడమ్! నా పైపుల జిగురు! నీళ్ళు బంగారం!"

"ఘాటుందని చెప్తుంది గానీ ఏ ఘాటో ఈ యంత్రానికి తెలియదు" అందామె. "ఇంత కాలం పనిచేసి, పరీక్ష బావిలో జిగురు పెడతావా? తీసెయ్ ఆ పైపులు. నీళ్ళన్నీ తోడించి, వేరేవాళ్ళతో సీసాలు నింపిస్తాను. ల్యాబు వాళ్ళు చెప్పేదాకా నువ్వు మూత బిగించి దూరంగా ఉండు."

ఒక్క బావి తేలకపోతే మిగతావీ తెరవరని తెలిసి వీధివాళ్ళంతా ఆయన మీద పడ్డారు. తిట్లు తింటూ అంత సంతోషంగా తిరిగిన మనిషిని నేను చూడలేదు. ఇంటింటికీ వెళ్ళి, తప్పు నాదే, నీళ్ళకేం కాలేదని చెప్పి మరీ తిట్టించుకున్నాడు.

"సిగ్గులేదా బావా?" అన్నాను.

"తప్పు నాదైతే నెలకో రెణ్ణెల్లకో తీరిపోద్దిరా బామ్మర్దీ. ఫ్యాక్టరీదైతే మన తరంలో తీరదు" అన్నాడు. అంటూనే నా కుట్టుమిషను చక్రం తిప్పి సూది విరగ్గొట్టాడు.

ల్యాబు జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో ఆయన అన్నం కూడా నిలబడే తిన్నాడు. ఉదయం ఫ్యాక్టరీ గేటు, మధ్యాహ్నం నా దుకాణం, సాయంత్రం మళ్ళీ గేటు. చూసి చూసి నాకూ కుదురు తప్పింది. ఒకరి చొక్కాకి ఇంకొకరి చేతులు కుట్టాను.

చివరికి కబురొచ్చింది. నన్నూ లాక్కుపోయాడు. ఇంజనీరమ్మ గేటు బయటికే వచ్చింది.

"జిగురు తాలూకు ఏమీ లేదు" అంది. మా బావ నా వైపు తిరిగి నవ్వబోయాడు. "ఫ్యాక్టరీ మందుంది. ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. మట్టి అడుగున మిగిలింది, పంపులు ఆపగానే మళ్ళీ నీళ్ళలోకి దిగింది."

"సీసాలో బుడగేమైనా ఉందేమో మేడమ్..."

"బుడగుంటే తక్కువ చూపిస్తుంది. నీకు తెలియంది కాదు." ఆమె గొంతు మెత్తబడింది. "పంపులు మళ్ళీ వేస్తున్నాం. ఎన్నాళ్ళని మాత్రం అడగొద్దు. మూత గట్టిగా బిగించావు కదా?"

మా బావ పరుగెత్తాడు. ఎలాగూ తీసేదే కదా అని బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాడట. ఆ మాట దారిలో చెప్పాడు.

పెరట్లో మొక్కలన్నీ తడిసి మెరుస్తున్నాయి. బావి మూత పక్కకు జరిపి ఉంది. అక్క తాడు చుట్టుకుంటోంది.

"నీళ్ళు తోడావా?" అన్నాడు బావ.

"ట్యాంకరు రెండ్రోజులుగా రాలేదు. మూత చూస్తే వదులుగానే ఉంది. జిగురే కదా, అదీ పోయింది కదా" అంది.

"మొక్కలకేనా?"

అక్క వంటింటి వైపు చూసింది. "పొద్దున నువ్వు తాగినవీ అవే. మా తమ్ముడూ రెండు గ్లాసులు తాగాడు."

మా బావ బావిగట్టు పట్టుకున్నాడు.

"నా మాట నువ్వెప్పుడు విన్నావే? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విన్నావా?"

"విననే లేదు" అంది అక్క. ఆయన మొహం చూసి ఆమెకు అంతా అర్థమైంది. తాడు చేతిలోంచి జారింది. "ఊరంతా తిరిగి తిట్లు తింటుంటే, అబద్ధమైతే ఇన్ని తిట్లు ఎవడు తింటాడనుకున్నా. నమ్మాను."

నాకు ఆయన మీద కోపం పొంగింది. మీద పడి కొడదామనిపించింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

పక్కింటామె అప్పుడే గోడ మీదుగా బిందె చాపింది. "అక్కా, ఇంకో బిందె పోస్తావా? పిల్లాడికి నిన్నటి నుంచి ఇవే పడుతున్నాను. చల్లగా ఉన్నాయి."

"పారబొయ్యి" అంది అక్క. "ఇంట్లో ఉన్నవన్నీ పారబోసి, పిల్లాణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి పద. నేనూ వస్తున్నా."

మా బావ గట్టు వదిలి నిలబడ్డాడు. "ఇంకా ఎవరెవరికిచ్చావే?" అని అడిగాడు.

అక్క వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.