బీరువాలో బల్బు, బల్బు పక్కన బ్యాకప్

కంప్యూటర్ చెడిపోతే మా ఆవిడ దాన్ని ఎత్తుకుని రోడ్డుకి అవతల ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఇందులో చెప్పుకోవడానికి ఏముందంటారా? రోడ్డుకి ఇవతల ఉన్న మెకానిక్‌ని నేను. ఆవిడ మొగుణ్ణి కూడా నేనే.

ఈ దీవుల్లో, డిగ్నాబాద్‌లో మాకు పైన ఇల్లు, కింద నా షాపు. అంటే ఆవిడ సీపీయూ డబ్బాని చంకన పెట్టుకుని, మెట్లు దిగి, నా బల్ల ముందు నుంచే నడిచింది. నేనప్పుడు ఎవరిదో ప్రింటర్ కడుపులోంచి ఎండిపోయిన బల్లిని బయటికి లాగుతున్నాను.

"ఎక్కడికే?" అన్నాను.

"గుడికి" అంది, ఆగకుండా.

సీపీయూ డబ్బాతో గుడికి వెళ్లేవాళ్లని నేనెక్కడా చూడలేదు. ఆ గుడికి అద్దాల తలుపు, ఏసీ, లోపల జుట్టున్న పూజారి కూడా ఉన్నారు. జుట్టు సంగతి ఎందుకంటే, నాకు లేదు.

మా ఆవిడ జాకెట్ల మీద మెషీన్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. డిజైన్ ముందు కంప్యూటర్లో గీసుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి మెషీన్‌కి ఎక్కించాలి. నెమళ్లూ మామిడిపిందెలూ అందరూ వేస్తారు. మా ఆవిడ గవ్వలు, శంఖాలు, అలలు, నడిచే పీతలు వేస్తుంది. అందులో గవ్వల తీగ అని ఒకటుంది. మాయాబందర్‌లో ఒక పెళ్లికూతురికి అదే కావాలి. వాళ్ల అక్క పెళ్లిలో అక్క వేసుకున్నది మా ఆవిడ కుట్టిందే, అచ్చం అలాగే ఉండాలి, ఒక్క గవ్వ కూడా అటూ ఇటూ కాకూడదట. మా ఆవిడ మాటిచ్చింది. బట్ట కత్తిరించింది, దారం రంగు కలిపింది. అప్పుడు కంప్యూటర్ మొరాయించింది.

ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తుంది, చుక్కలు గిరగిరా తిరుగుతాయి, నీలం తెర వస్తుంది. తనంతట తానే రిపేరు చేసుకుంటానంటుంది. చేసుకోలేకపోయానంటుంది. మళ్లీ బొమ్మ, మళ్లీ చుక్కలు. మా దగ్గరి బంధువుల్లో కూడా ఇలాంటి వాళ్లున్నారు గనక నేను కంగారుపడలేదు. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు తోమాను. ఉప్పుగాలికి మా ఊళ్లో సగం జబ్బులు అక్కడే. తగ్గలేదు. పవర్ సప్లై మార్చాను. తగ్గలేదు. సిస్టమ్ రిస్టోర్ పెట్టి పాత తేదీకి వెనక్కి పొమ్మన్నాను. వెనక్కి వెళ్లడానికి తేదీ ఏదీ దాచుకోలేదంది. నల్ల తెర తెరిచి, నాకు తెలిసిన ఆజ్ఞలన్నీ కొట్టాను. మా ఇంట్లో నా ఆజ్ఞలకి ఎంత విలువుందో అక్కడా అంతే ఉంది.

ఆఖరికి, "ఫార్మాట్ కొట్టేస్తే సరి" అన్నాను.

మా ఆవిడ చేతిలోని కత్తెర ఆగింది. "ఏటండీ, ఊరందరి కంప్యూటర్లు కడిగేసింది సాల్లేదా? ఇప్పుడు నాది కూడానా?"

"బ్యాకప్ ఉందే బాబూ."

"మీ బ్యాకప్ సంగతి నాకు తెల్దేటి? అప్పుడెప్పుడో మీ హార్డ్‌డిస్క్‌లో సీమలు కాపరం పెట్టాయి."

ఆ మర్నాడే గుడి.

నన్ను ఊళ్లో ఫార్మాట్ భయ్యా అంటారు. పేరు ఊరికే రాలేదు. సముద్రం కింద నుంచి కేబుల్ రాకముందు మా దీవుల్లో నెట్టు ఆకాశం నుంచి చుక్కలు చుక్కలుగా దిగేది. ఒక చిన్న అప్‌డేట్ కోసం పొద్దున బటన్ నొక్కి, సాయంత్రం తిట్టుకుంటూ ఆపేవాళ్లం. అందుకని వైజాగో చెన్నైయో ఓడలో వెళ్లేవాడు ఎవడు కనబడినా చేతిలో ఒక ఖాళీ హార్డ్‌డిస్క్ పెట్టేవాణ్ణి. కొత్త విండోసూ, డ్రైవర్లూ నింపుకుని రమ్మని. ఓడ వచ్చిన రోజు జెట్టీ దగ్గర అందరూ చుట్టాల కోసం చూసేవాళ్లు, నేను హార్డ్‌డిస్క్ కోసం చూసేవాణ్ణి. జబ్బు వెతికి, దానికి సరిపోయే ముక్క దింపుకుని అతికించే వీలెక్కడిది? తలనొప్పయినా కడుపునొప్పయినా నా దగ్గర ఉన్నది ఒకటే గోలీ. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించడం. అలా తుడిచేవాడికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే తుడిచే ముందు ప్రతీదీ కాపీ చేసి దాచేవాణ్ణి. జనానికి నా తుడవడం గుర్తుంది గానీ దాచడం గుర్తులేదు.

కేబుల్ వచ్చింది. దాని వెనకే రోడ్డుకి అవతలికి ఈ కుర్రాడొచ్చాడు. పుట్టింది ఇక్కడే, మాలాగే తెలుగు కుటుంబం. మాట తెలుగే, అక్షరం మాత్రం రాదు. బెంగళూరులో ఏదో కోర్సు చేసి గోడకి సర్టిఫికెట్ బిగించాడు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినందుకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేనూ బిగించేవాణ్ణి. ఒకరోజు చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో నా పాత గిరాకీ ఒకాయన, "ఆ లడకా ఫార్మాట్ కొట్టకుండానే బాగుచేశాడు భయ్యా, కమాల్ కా ఆద్మీ!" అని నాతోనే చెప్పాడు. నేను నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. మొహం చూపించుకోవడానికి సముద్రం కంటే మంచి చోటు లేదు, అది ఎవరికీ చెప్పదు.

మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాను. తర్వాత స్క్రూడ్రైవర్ అడిగే నెపంతో రోడ్డు దాటాను. నా షాపులో ఎన్ని స్క్రూడ్రైవర్లున్నాయో ఆ కుర్రాడికీ తెలుసు.

లోపల మా ఆవిడ గిరగిర తిరిగే కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద మా ఇంటి ఫ్లాస్కు. కుర్రాడి చేతిలో అల్లం టీ.

"రండి భయ్యా, బైఠియే. దీదీ చాయ్ ఏక్ నంబర్!"

"తెలుసు. అది నాకోసం కాచిన చాయ్."

"మీకోసం కాచింది పొద్దున తాగేశారు గదా. ఇది భయ్యా కోసం కాచాను" అంది మా ఆవిడ. ఆ కుర్రాడు ఆవిడ కంటే చాలా చిన్నవాడు. ఈ ఊళ్లో కూరగాయలవాణ్ణీ భయ్యా అంటారు, ఆటోవాణ్ణీ భయ్యా అంటారు. అయినా ఆ మాట ఆ ఏసీ గదిలో నాకు వేరేగా వినిపించింది.

వాడు నాలా వెంటనే చెయ్యి పెట్టలేదు. ముందు డిస్క్ విప్పి, దాన్ని మొత్తంగా ఇంకో డిస్క్‌లోకి కాపీకి పెట్టాడు. "పెహలే కాపీ, తర్వాత ఇలాజ్" అన్నాడు, వైద్యం తర్వాతేనని. తెర మీద ఒక పచ్చగీత చీమలా పాకుతోంది. మా ఆవిడ దాన్ని పసిపిల్ల నడక చూసినట్టు చూస్తోంది. నా షాపులో ఆవిడ ఏ గీతనీ అలా చూడలేదు.

మర్నాడు కబురొచ్చింది. ఇద్దరం వెళ్లాం. కంప్యూటర్ లేచి కూర్చుని ఉంది. నీలం తెర లేదు, చుక్కల్లేవు. మా ఆవిడ పెట్టుకున్న మందారం బొమ్మ నిండుగా కనబడింది. నేను ఓడిపోయిన చోట వాడు రిపేరు చేసి నిలబెట్టాడు, అదీ ఒక్క ఫైలు తుడవకుండా.

అప్పుడు వాడు కళ్లజోడు సర్దుకుని, "లేకిన్ దీదీ, డిస్క్‌లో ఒక చోట ఖరాబ్ అయిపోయింది. కొత్త డిజైన్లన్నీ వచ్చేశాయి. పాత ఫోల్డర్ మాత్రం ఖుల్తా నహీ, తెరుచుకోవట్లేదు. చాలా ట్రై చేశాను" అన్నాడు.

గవ్వల తీగ పాత ఫోల్డర్లోదే.

నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో ఒక చిన్న డప్పు మోగింది. వాడి సర్టిఫికెట్ కేసి చూశాను. ఆ తర్వాత మా ఆవిడ కేసి చూశాను, డప్పు ఆగిపోయింది. ఆవిడ సంచిలోంచి దారపు కండె తీసి బొటనవేలితో ఊరికే తిప్పుతోంది. గవ్వ తెలుపు, దాని అంచుకి లేత గులాబీ. ఆ రంగు కలవడానికి ఎన్ని కండెలు పక్కన పడేసిందో నేను చూశాను. "మళ్లీ గీస్తే అదే రాదు భయ్యా, దగ్గరగా వస్తాది, అంతే. ఆ పిల్లకి అదే కావాలి" అంది.

"బ్యాకప్ హై క్యా దీదీ?"

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఆ ఏసీ గదిలో నేనూ ఉన్నానని అప్పటికి గుర్తొచ్చినట్టుంది. నేను ఫ్లాస్కు దగ్గరికి లాక్కుని, నిదానంగా ఒక కప్పు పోసుకుని తాగాను. మరి ఆ మాత్రం మర్యాద నాకూ దక్కాలి కదా.

"ఉందని చెప్తే సీమలన్నావు."

"ఉందేటి నిజంగా?"

"బీరువాలో."

మా దీవుల్లో వాన మొదలైతే ఆగేది తెలియదు. పట్టుబట్టలకి బూజు పడుతుంది. అందుకని ప్రతి ఇంట్లో బీరువా అడుగున ఒక చిన్న బల్బు వెలుగుతూనే ఉంటుంది, లోపల కాస్త వెచ్చగా, పొడిగా ఉంచడానికి. చీమల గొడవ అయినప్పట్నించీ నేను మా ఆవిడ డిజైన్ల బ్యాకప్‌ని అక్కడే దాస్తున్నాను, నా పెళ్లి పట్టుపంచె మడతల్లో. ఆ పంచె నేను కట్టుకుంటానని ఇప్పుడెవరికీ ఆశ లేదు గనక దాన్ని ఎవరూ కదపరు. ఇన్ని వానాకాలాల తర్వాత డిస్క్ తెరుచుకుంటుందా అన్నది మాత్రం నాకూ అనుమానమే. ఆ అనుమానాన్ని టీతో పాటు మింగేశాను.

తెచ్చాను. అప్పుడే దించిన ఇడ్లీలా వెచ్చగా ఉంది. కుర్రాడు తన కంప్యూటర్‌కి తగిలించాడు. లైటు వెలగలేదు. ఇంకో పక్క తగిలించాడు. వెలగలేదు.

"షాయద్ డెడ్ హై భయ్యా" అన్నాడు మెల్లగా. మా ఆవిడ కండె తిప్పడం ఆపేసింది.

డిస్క్ తీగ లాగి, దాని మూతి కిటికీ వెలుతురులో చూశాను. లోపలి రేకుల మీద సన్నగా పచ్చటి చిలుము. బల్బు డిస్క్‌ని కాపాడింది గానీ, తీగ మూతి పంచె మడతల్లోంచి బయటికి వేలాడి తలుపు సందు గాలికి తగిలింది. జేబులోంచి రబ్బరు తీశాను.

"నా దగ్గర స్ప్రే ఉంది భయ్యా."

"నీ స్ప్రే నీ జుట్టుకి కొట్టుకో."

రబ్బరు మూలని సన్నగా కోసి, లోపలికి పోనిచ్చి తోమాను. ఊదాను. మళ్లీ తోమాను. తగిలించాను. లైటు వెలిగింది. లోపల డిస్క్ సన్నగా మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. తెర మీద ఒకే ఒక్క ఫోల్డర్ కనబడింది. దాని పేరు తెలుగులో ఉంది. ఆ అక్షరాలు కూడబలుక్కుని కొట్టడానికి అప్పట్లో నాకు బోలెడు సేపు పట్టింది.

"క్యా లిఖా హై దీదీ?" అన్నాడు కుర్రాడు.

మా ఆవిడ కూడా కూడబలుక్కునే చదివింది. "మా ఆవిడవి. ముట్టుకుంటే చేతులు విరుగుతాయి." చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కుర్చీలో గిర్రున అటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. "నీకోసమే రాసినట్టున్నారు భయ్యా" అంది.

వాడు రెండు చేతులూ పైకెత్తేశాడు. మౌసు నేనే పట్టుకుని తెరిచాను. గవ్వల తీగ వచ్చింది, ఒక్క గవ్వ కూడా పోకుండా.

అక్కడితో ఆగితే నాకు ఎంత బావుండేదో. కుర్రాడు వదల్లేదు. "భయ్యా, మీ ఇల్లూ షాపూ ఒకే బిల్డింగ్. నీళ్లొస్తే రెండూ పోతాయి. ఒక కాపీ నెట్‌లో పెడదాం. ఒకటి నా దగ్గర ఉంచండి, రోడ్డుకి ఈ పక్క ఎత్తు కదా."

తప్పు వెతికాను, దొరకలేదు. సునామీ చూసిన దీవుల్లో నీళ్లొస్తే అన్న మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. మా ఆవిడ వెంటనే సరేనంది. ఇప్పుడు మా ఆవిడ గవ్వలు, శంఖాలు, పీతలు పరాయివాడి షాపులో కాపరం ఉంటున్నాయి. కొత్త డిజైన్లు ఎక్కించడానికి అప్పుడప్పుడూ నేనే రోడ్డు దాటుతాను. ఆవిణ్ణి పంపను. వాడు టీ పెట్టి ఇస్తాడు. పరమ ఘోరంగా ఉంటుంది. తాగినప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

జాకెట్ మాయాబందర్ బస్సులో వెళ్లింది. పెళ్లికూతురు వేసుకున్న ఫోటో మా ఆవిడ ఫోన్‌కి వచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి, ఇద్దరి భుజాల మీదా గవ్వలు. ఆవిడ దాన్ని నాకూ, ఆ కుర్రాడికీ ఒకేసారి పంపింది. ఎలా తెలుసంటే, వాడు షాపులోంచి తొంగిచూసి ఫోన్ ఊపుతూ, "దేఖా భయ్యా?" అని అరిచాడు. వాడే ముందు చూశాడు. పైగా ఆవిడ వాడికి ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టిందట.

నాకు బొమ్మ లేదు. ఫోటో కింద ఆవిడ గొంతు ఉంది. నొక్కి విన్నాను.

"ఏమండీ, బీరువాలో బల్బు పోయింది. పైకొచ్చేటప్పుడు ఒకటి పట్రండి."

షాపు మూసి, బల్బు కోసం వెళ్లాను. రెండు కొన్నాను.