నాలుగో సూది

గురువారం నాలుగో సూది వేయించుకోవాలి. వేయించుకోకూడదని కోటు మేస్త్రి ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ తీర్మానించుకున్నాడు. భార్యను అడగలేదు, డాక్టరును అడగలేదు. అద్దంలో ఉన్నవాడిని అడిగాడు, వాడు సరేనన్నాడు. అలాంటి సలహాదారు దొరికితే ఎవరి కొంపైనా మునుగుతుంది.

మేస్త్రి పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. చేపలూ బఠానీలూ ఐస్‌క్రీము డబ్బాలూ అట్టపెట్టెల్లో వచ్చి, లారీ ఎక్కేదాకా గడ్డకట్టుకుని కూర్చునే గది అది. బయట ఏ కాలమైనా లోపల సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ముప్పయ్యేళ్ల కిందట పెట్టెలు మోయడానికి చేరినవాడు ఇప్పుడు ఆ గదికి మేస్త్రి. పద్నాలుగు మంది ఆయన మాట మీద లోపలికి వెళ్లి, ఆయన మాట మీద బయటికి వస్తారు. కోటు మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. పాతరోజుల్లో ఒకడు మోసి మోసి, చెమట పట్టిందని లోపలే కోటు విప్పాడు. ఆ చెమట ఒంటి మీదే చల్లబడి, చూస్తుండగానే నేల మీద పడ్డాడు. భుజాన వేసుకుని బయటికి తెచ్చింది మన మేస్త్రే. మనిషి బతికాడు గానీ రెండు వేళ్లు పోయాయి. మర్నాడే తలుపు మీద ఎర్రరంగుతో రాయించాడు: లోపల కోటు విప్పినవాడికి మూడు రోజులు పని లేదు. బావమరిది విప్పినా అంతే, మేనేజరు విప్పినా అంతే. ఒకసారి మేనేజరును నిజంగానే రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. అంత మొండి.

అలాంటి మనిషికి కిందటేడు మూత్రం సరిగా రాక పరీక్షలు చేయిస్తే, ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరని తేలింది. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఆ తర్వాత మూడు నెలలకొక హార్మోను సూది, రెండేళ్లపాటు అన్నారు. డాక్టరు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. “మగ హార్మోను ఈ జబ్బుకు మేతండీ. మేత ఆపేస్తే జబ్బు లేవలేదు” అన్నాడు. ఆ మేత ఆపితే ఒంటికి ఇంకేమేం జరగొచ్చో కూడా చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టాడు. మేస్త్రి సగం దాకా చదివి మడతపెట్టి జేబులో కుక్కుకున్నాడు. భార్య బయట బెంచీ మీద కూర్చుంది. “మగాళ్ల సంగతి, నువ్వెందుకు” అని ఆయనే కూర్చోబెట్టాడు మరి. ఏమన్నాడని ఆవిడ అడిగితే, “కాస్త నీరసంగా ఉంటుందట” అన్నాడు.

నీరసం వచ్చిన మాట నిజమే. అదొక్కటే వచ్చి ఊరుకుంటే మేస్త్రి నిజమే చెప్పినట్టయ్యేది. రెండో నెల నుంచి ఆవిర్లు మొదలయ్యాయి. గుండెల మీద ఎవరో పొయ్యి అంటించినట్టు మొదలై, మెడా చెవులూ మాడు దాకా సెగ ఎగబాకేది. చొక్కా తడిసి ముద్దయ్యేది, రెండు నిమిషాల్లో మళ్లీ వణుకు. చేతులు సన్నబడ్డాయి, పొట్ట ముందుకొచ్చింది. ఛాతీ రెండు పక్కలా ఉబ్బి, బట్ట తగిలినా నొప్పి పుట్టేది. ఇంట్లో పైన బట్ట లేకుండా తిరిగిన మనిషి గుండీలు గొంతు దాకా పెట్టుకోవడం, స్నానాల గదిలోనే బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఇక ఏడుపు. కన్నతల్లి పోయిననాడు కూడా నలుగురికీ ధైర్యం చెప్పిన మనిషి, టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కిళ్లు పెట్టాడు. మంగలి “చిన్నగా కత్తిరించమంటారా?” అని మర్యాదగా అడిగితే కళ్లనీళ్లు తిరిగాయి. మంగలి కంగారుపడి కత్తెర కింద పెట్టేశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. నోటితో చెప్పుకోలేనిది ఒక ఎత్తు. భార్య పక్కన పడుకుంటే ఆయనకు ఏమీ అనిపించడం లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. ఆకలి చచ్చినవాడు కంచం ముందు కూర్చున్నట్టు ఉండేది. ఆవిడ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు, అదే ఇంకా నరకం. ఆవిడ చెయ్యి మీద వేస్తే భయమేసేది. అందుకని గురక వంక పెట్టి చాప, దిండు తీసుకుని హాల్లోకి మారాడు. మారి ఆరు నెలలైంది. ముప్పయ్యొక్కేళ్ల కాపురంలో లేని గురక ఇప్పుడెక్కడినుంచి వచ్చిందని ఆవిడ అడగలేదు. అడగకపోవడం మేస్త్రికి సుఖంగా ఉంది. ఆవిడకు ఎలా ఉందో ఆలోచించే తీరిక ఆయనకు దొరకలేదు లెండి.

“గురువారం సెలవు చెప్పారా?” అంది భార్య ఆదివారం మధ్యాహ్నం.

“ఎక్కడ! ఆ రోజు చేపల కంటైనరు దిగుతోంది. నేను లేకపోతే ఒక్కడికీ ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో తెలీదు.”

“సూదో?”

“వారం అటూ ఇటూ అయితే కొంపలేం అంటుకోవు.”

కొంపలు అంటుకున్నా ఆర్పే ఉద్దేశం లేదు ఆయనకు. వారం గడిచాక ఇంకో కంటైనరు వస్తుంది, ఆ తర్వాత ఇంకోటి.

సోమవారం పదకొండింటికి మేస్త్రి లోపల బఠానీల వరసలో ఉండగా ఆవిరి వచ్చింది. మామూలుగా అయితే పళ్ల బిగువున ఓర్చుకుని బయటికి నడిచేవాడు. ఆ రోజు ఎందుకో కాళ్లు కదల్లేదు. కోటు జిప్పు కిందికి లాగాడు. చల్లగాలి తడి చొక్కాకి తగలగానే ప్రాణం లేచొచ్చింది. కోటు పూర్తిగా విప్పి పక్కన పడేసి, పెట్టెల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అంత హాయి ఈ మధ్య ఎరగడు.

పెట్టెలెత్తే ఫోర్కులిఫ్టు బండి నడిపేవాడు చూశాడు. నలభై అయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నోరు మూతపడదని అందరూ రేడియో అంటారు.

“మేస్త్రీ! కోటు!”

“నోర్మూసుకుని నీ పని చూసుకో.”

“ముందు వేసుకోండి.”

“వేసుకోనురా. ఒళ్లు కాలిపోతోంది.”

“ఆ రోజు వేళ్లు పోయినోడు కూడా అదే అన్నాడంట కదా. మీరే చెప్పారు, ఒకసారా రెండుసార్లా!”

బండి దిగి మేస్త్రి రెక్క పట్టుకున్నాడు రేడియో. పెనుగులాటలో మేస్త్రి కళ్లజోడు కిందపడి ఒక కాడ విరిగింది. రేడియో కోటు ఆయన మీద కప్పి, కళ్లజోడు జేబులో వేసుకుని, తోసుకుంటూ ప్లాస్టిక్ పరదాలు దాటించి బయటికి తెచ్చాడు. తెచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“మూడు రోజులు.”

“ఎవరికిరా?”

“తలుపు మీద రాసుంది. మేస్త్రికి తప్ప అని మాత్రం రాసి లేదు. ఇక శుక్రవారం పొద్దున కనపడండి.”

పద్నాలుగు మందీ చేతితొడుగులు చేత్తో పట్టుకుని చూస్తున్నారు. వాడి ఏడు తరాలనూ తిట్టడానికి మేస్త్రి నోరు తెరిచాడు. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. నిలబడి, చేతులు రెండు పక్కలా వేలాడేసుకుని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. జనం నేల చూపులు చూశారు. “మూడు రోజుల పనికి ఇంత బాధెందుకు మేస్త్రీ...” అని మొదలుపెట్టిన రేడియో మధ్యలోనే ఆపేశాడు. వాడి నోరు దానంతట అది మూతపడటం అందరూ చూడటం అదే మొదలు.

ఇంటికి వచ్చి మేస్త్రి ఏమీ చెప్పలేదు. కళ్లజోడేదంటే మర్చిపోయానన్నాడు. మంగళవారం పొద్దున మామూలుగానే క్యారేజీ పట్టుకుని బయల్దేరి, బస్టాండులో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. కళ్లజోడు లేక ఏ బస్సు ఎక్కడికి పోతోందో కూడా తెలియలేదు పాపం.

తెలియాల్సినవాళ్లకు మాత్రం తెలిసింది. భార్య ఇరవయ్యేళ్లుగా కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోంది. ఫ్రేములు బిగించడం, కాడలు సరిచేయడం ఆవిడ పని. మధ్యాహ్నం రేడియో విరిగిన కళ్లజోడు పట్టుకుని అక్కడికే వచ్చాడు. “మేస్త్రి ఎలాగూ మూడు రోజులు రారు కదక్కా, ఈలోపు బాగుచేయించి ఇద్దామని...” అన్నాడు. ఆవిడ ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు గానీ, రేడియోకి ఆపడం తెలియదు కదా. కోటు సంగతీ ఏడుపు సంగతీ కక్కేశాడు. కంటైనరు వచ్చే వారమని కూడా ఆవిడ అడిగి తెలుసుకుంది.

సాయంత్రం మేస్త్రి బూట్లు విప్పుతూ, “ఇవాళ చచ్చేంత పని” అన్నాడు. ఆవిడ కొత్త కాడ వేసిన కళ్లజోడు తెచ్చి తనే ఆయన ముఖానికి తగిలించింది.

“ఇప్పుడు కనిపిస్తున్నానా?”

“ఆఁ.”

“ఎలా కనిపిస్తున్నాను? పిచ్చిదానిలాగానా?”

మేస్త్రి ఇంకా రెండు అబద్ధాలకు ప్రయత్నించి, మూడోది తట్టక చతికిలపడ్డాడు. “నేను వెళ్లను” అన్నాడు. “ఇక చాలు. కూర్చుంటే చెమట, నిలబడితే నీరసం, ఎవడేమన్నా ఏడుపు. ఛాతీ చూడు...” అని ఆగిపోయి, గుండీ తడుముకున్నాడు. “సూది మానేస్తే ఎన్నాళ్లుంటానో అన్నాళ్లే ఉంటాను. ఉన్నన్నాళ్లూ మనిషిలా ఉంటాను. ఇలా పదేళ్లు నాకొద్దు.”

“ఎవరినడిగి?”

“నా ఒళ్లు. ఎవరినడగాలి?”

“మీ ఒళ్లే, కాదన్నదెవరు? దానికి జ్వరమొస్తే ఇన్నేళ్లూ మేలుకుని కూర్చుంది ఎవరు, పక్కింటావిడా?” ఆవిడ గొంతు లేచింది. “ఆవిర్లంట! నాకు ముట్లుడిగినప్పుడు నాలుగేళ్లు పట్టాయి ఆ ఆవిర్లు. కిటికీ తెరిస్తే ఏమన్నారు? ‘ఊరికే నాటకాలు’ అన్నారు. అప్పుడు నేను చావాలనుకున్నానా? చెప్పుంటే కిటికీ తెరిచి పెట్టేదాన్ని కదా, మీలా నోరు పారేసుకోకుండా!”

మేస్త్రి తల వంచుకున్నాడు. అన్న మాట నిజం. అన్నట్టు గుర్తు కూడా లేదు, అదింకా సిగ్గు.

“ఇంకేముంది?” అంది ఆవిడ.

“ఇంకేం లేదు.”

ఆవిడ హాల్లో చుట్టిపెట్టిన చాప వైపు చూసింది. “సరే. గురువారం నేనూ లోపలికి వస్తాను. వద్దనేదేదో అక్కడ, నా ఎదురుగా చెప్పండి. చెప్తే నేను మారుమాట్లాడను. చాటుగా చావడం మాత్రం నేను ఒప్పుకోను.”

గురువారం ఇద్దరూ వెళ్లారు. నర్సు గది చిన్నది. బరువు చూసే మిషను, పచ్చ పరదా, మూలన చిన్న ఫ్రిజ్జు. నర్సు బరువు రాసుకుని, రక్తపోటు చూసి, ఎప్పుడూ అడిగేదే అడిగింది. “ఇబ్బందులేమన్నా ఉన్నాయా బాబాయ్ గారూ?”

మూడుసార్లూ ఏం లేవన్న మనిషి ఈసారి భార్య వైపు చూసి, ఆవిర్లతో మొదలుపెట్టాడు. కోటు, ఛాతీ, ఏడుపు, సబ్బు ప్రకటన, మంగలి. నర్సు ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు, రాసుకుంది.

“మొదట్లోనే చెప్పుంటే ఇంత పడేవారు కాదుగా. ఆవిర్లకు మాత్రలున్నాయి, ఛాతీ సంగతి డాక్టరుగారు చూస్తారు. ఏడుపు కూడా మందు వల్ల రావచ్చు, మీరేం పిరికివాళ్లయిపోలేదు. రోజూ నడవండి, కాస్త బరువులెత్తండి. కానీ ఇంత చెమట పట్టే ఒంటితో ఆ చలిగదిలోకి మాత్రం ఇక వెళ్లకండి.”

“ముప్పయ్యేళ్ల గదమ్మా అది.”

“తెలుసు. బయట లారీల దగ్గర చూసుకోండి.”

కోటు రూలు రాయించినవాడు దానికేం జవాబు చెప్తాడు?

“ఇంకేమన్నా?” అంది నర్సు.

ఇంకేం లేదనబోయాడు. భార్య చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేస్త్రి బరువు మిషను వైపు చూస్తూ, ఆ మిషనుకే చెప్తున్నట్టు చెప్పాడు. “ఈవిడ పక్కన పడుకుంటే... నాకేమీ అనిపించట్లేదమ్మా. ఏమీ లేదు. అది తిరిగి వస్తుందా?”

నర్సు పెన్ను కింద పెట్టింది. “సూదులు నడుస్తున్నన్నాళ్లూ ఇలాగే ఉండొచ్చు. ఆపాక కొందరికి మెల్లగా వస్తుంది, కొందరికి కొంతే వస్తుంది, కొందరికి రాదు. మీకు వస్తుందని నేను మాటివ్వలేను.”

మేస్త్రి ఇక భార్య వైపు చూడక తప్పలేదు.

“నాకూ వెలితిగానే ఉంది” అంది ఆవిడ. “లేదంటే అబద్ధమవుతుంది. ముసలిదాన్నైపోయానేమో, మొహం మొత్తిందేమో అనుకున్నాను. ఇంకెవరన్నా దొరికారేమోనని కూడా అనుకున్నాను. ఆ పొట్టతో ఎవరు దొరుకుతార్లే అని ఊరుకున్నా.” నర్సు నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకుంది. ఆవిడ నవ్వలేదు. “కోరిక పోయిందంటే అది మందు చేసింది. దానికి మిమ్మల్నేమీ అనను. కానీ నా పక్కలోంచి లేచి హాల్లోకి వెళ్లిపోయారే, అది మందు చెయ్యలేదు. అది మీరు చేశారు.”

మేస్త్రి ఆరు నెలలుగా తనకు ఏమేం పోయాయో ఒక్కొక్కటీ ఏకరువు పెట్టుకున్నాడే గానీ, ఆవిడ నుంచి తాను ఏం లాక్కుపోయాడో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

నర్సు ఫ్రిజ్జు తెరిచి సూది బయటికి తీసింది. “ఏం చేద్దాం బాబాయ్ గారూ? వేయమంటారా?”

భార్య అన్న మాట ప్రకారం మారుమాట్లాడలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది. చేతిసంచి పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. మేస్త్రి ఆ వేళ్లు చూశాడు.

“వెయ్యండి” అన్నాడు.

నర్సు పరదా లాగబోతూ, “పిన్నిగారూ, పొట్ట మీద వెయ్యాలి, ఒక్క నిమిషం బయట...” అంది.

“వద్దు. ఉండనివ్వండి” అన్నాడు మేస్త్రి. గొంతు దాకా పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే విప్పి, భార్య చూస్తుండగా చొక్కా తీసి కుర్చీ మీద వేశాడు.